బొరుసు

విందాద్, దీపం కాస్త ఇటు జరుపు.
ఉక్కు అచ్చులో అన్నీ తిరగబడే ఉంటాయి.
వెండి మీద రాజు కుడికి చూడాలంటే
నేనిక్కడ ఎడమకి చెక్కాలి.
నలభై ఏళ్లుగా ఇదే పని.
ఇంటికి వెళ్లాక అనోషక్ ముఖం కూడా
ఓ క్షణం తారుమారుగా కనిపిస్తుంది.

బీషాపూర్ టంకశాలలో
రాజును కళ్లారా చూసినవాడెవడూ లేడు.
రాజధాని నుంచి కిరీటం బొమ్మ ఒక్కటే వచ్చేది
తోలుముక్క మీద సిరాతో:
రెండు రెక్కలు, నెలవంక, దాని ఒళ్లో చుక్క.
కిరీటం కింద ఎవరుండాలో చెప్పేవాళ్లు కాదు.
అందుకని నా మొదటి రాజుకి
ఏట్లో కొట్టుకుపోయిన మా అన్న ముక్కు పెట్టాను.
చెవిపోగు మా మావగారిది.
గడ్డం ముడి, సంతలో సుంకం వసూలు చేసే మాహ్‌బోజెద్‌ది.
వాడికి తెలీదు.
తెలిస్తే నా పన్ను తగ్గించేవాడో, రెట్టింపు చేసేవాడో!

తల చుట్టూ రాసేదే కదా తలరాత.
ముఖానికి ముందు పేరు,
వెనక 'తేజస్సు పెరుగుగాక'.
ఎవరికి పెరిగింది చెప్పు?

నువ్వింకా పుట్టలేదప్పటికి.
నాలుగేళ్లలో వచ్చిన కిరీటాలకి
ఒక చేతి వేళ్లు చాలవు.
ఒకదాని రెక్కలు పూర్తయ్యేసరికి
గుర్రం మీద మరో తోలుముక్క.
ఒకరు పసివాడు.
ఒకరు ఆడమనిషి. గడ్డం లేదు, భుజాల మీద జడలు.
ఆ అచ్చు దగ్గర నా చెయ్యి ఎందుకో నెమ్మదించింది.
అందరికీ నూకలు చెల్లాయి.
వాళ్ల నాణేలు మాత్రం ఇంకా చెల్లుతున్నాయి
ఉప్పుకీ, గాడిదలకీ.

బొరుసుతో ఆ బాధ లేదు.
నిప్పు వేదిక, నడుముకి పట్టుపీలిక,
అటొకడూ ఇటొకడూ కత్తి ఆనించి నిలబడ్డ కావలివాళ్లు,
కుడిన మన ఊరి మూడక్షరాలు,
ఎడమన ఏటి లెక్క.
రాజు మారితే ఆ లెక్క మళ్లీ ఒకటి అయ్యేది.
నా మోకాళ్లకి మాత్రం ఎవరూ అలా చెయ్యలేదు.

మంట చెక్కడం నేర్పమని వచ్చిన రోజే అడిగావు.
గుడిలో నిప్పు దగ్గరికి మనల్ని రానివ్వరు.
నేను మా ఇంటి పొయ్యిని చూసి చెక్కాను,
అనోషక్ ఎండు కొమ్మలు విరిచి పెడుతుంటే.
పూజారి ఊపిరి తగలకుండా నోటికి గుడ్డ కట్టుకుంటాడు చూడు,
మంట చెక్కేటప్పుడు నేనూ కట్టుకునేవాణ్ణి.
భక్తి అనుకున్నారు.
ఉక్కు రజను గొంతులో పడకూడదని.
ఏది ఎందుకో, పోనుపోను నాకే తెలియలేదు.

ఇక కొత్తవాళ్లు. ఎడారి వైపు నుంచి.
గుడిలో నిప్పు ఏమైందో అడక్కు.
ఎవరో కుండలో పెట్టుకుని కొండల్లోకి వెళ్లారంటారు.
అచ్చులు బద్దలుకొడతారేమోనని
మూడు రాత్రులు బావి గట్టు కింద పాతిపెట్టాను.
నాలుగో నాడు కబురొచ్చింది: పని మొదలెట్టు.
ఏ రాజు? అన్నాను.
పాత రాజే.
చచ్చిపోయిన రాజే.
జనం ఆ ముఖాన్నే నమ్ముతున్నారట.

అంచున మాత్రం ఒక మాట చేర్చమన్నారు.
హుమామ్ అని ఓ కుర్రాడు, నీ ఈడువాడే,
ఇసుకలో పుల్లతో గీసి చూపించాడు.
'దేవుడి పేరుతో' అని దాని అర్థమట.
ఏ దేవుడని అడగలేదు నేను.
గీత బాగుందన్నాను. నిజంగా బాగుంది,
కొడవలి ఒంపులా.
దాన్ని తిరగేసి చెక్కుతుంటే
పక్కన గొంతుక్కూర్చుని చూశాడు.
తర్వాత బొరుసు చేతిలోకి తీసుకుని
ఇదేంటి, ఈ మంట? అన్నాడు.

సుత్తి పట్టినవాడు ఆగిపోయాడు.
పొయ్యి, అన్నాను.

తలూపాడు.
ఆకలేస్తోంది, అన్నాడు.

సరే, పొద్దుపోతోంది.
బొమ్మ వాళ్లిష్టం, వాళ్లు చెప్పినట్టే కానీ.
ఈ బొరుసు బాగా అరిగింది,
మంటలో మధ్య నాలుక కనబడ్డం లేదు.
నా కళ్లకి ఆ గీత అందదు, నువ్వు పట్టు ఉలి.
ఆగు.
ముందు నోటికి గుడ్డ కట్టుకో.